తింటే తిన్నాడు, పనులు చేశాడుగా!

మనవాళ్లు నలుగురు కలిస్తే ఊరి రాజకీయాలు రాకుండా ఉండవు, వచ్చాక ఎవరో ఒకరు "తింటే తిన్నాడు గానీ పనులు చేశాడుగా" అనకుండానూ ఉండరు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు షేక్‌స్పియర్ 'హామ్లెట్'లోని రాజు క్లాడియస్ గుర్తొస్తాడు. ఇక్కడ విదేశంలో హైస్కూళ్లలో మన పిల్లలు చాలామంది చదివే నాటకమే. కాకపోతే చర్చంతా యువరాజు హామ్లెట్ తండ్రి హత్యకు పగ తీర్చుకోడానికి ఎందుకంత తాత్సారం చేశాడన్న దాని చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే చూడాల్సింది ఆ రాజుని, ఆ కొలువుని.

క్లాడియస్ నిద్రపోతున్న సొంత అన్న, అంటే హామ్లెట్ తండ్రి, చెవిలో విషం పోసి చంపాడు, కిరీటం పెట్టుకున్నాడు, రెండు నెలలైనా తిరక్కుండా వదినను పెళ్లాడాడు. కానీ చేతకానివాడు కాదు. నార్వే నుంచి అక్కడి యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ దండెత్తి వస్తాడని డెన్మార్క్ అంతా టెన్షన్, ఓడలు కట్టేవాళ్లకి ఆదివారం కూడా సెలవు లేదు, అలాంటి సమయంలో ఇద్దరు రాయబారుల్ని పంపి రక్తపు బొట్టు చిందకుండా వ్యవహారం సర్దేశాడు. పనిమంతుడే మరి! అన్న బతికున్నప్పుడు ఇతన్ని వెక్కిరించినవాళ్లే ఇప్పుడు ఇతని చిన్న బొమ్మకి 20, 40, 50, 100 డకట్లు (అప్పటి బంగారు నాణేలు) పోసి కొనుక్కుంటున్నారని హామ్లెట్ అంటాడు.

నాకు అసలు కోపం ఆ కొనేవాళ్ల మీద. హత్య సంగతి వాళ్లకు తెలియకపోవచ్చు, కానీ పెళ్లి కళ్లెదుటే జరిగింది కదా. మీ అందరి సమ్మతితోనే చేసుకున్నానని రాజు నిండు కొలువులో కృతజ్ఞతలు చెబుతుంటే నోరెత్తిన పెద్దమనిషి ఒక్కడూ లేడు. సలహాదారు పొలోనియస్ సంగతి సరేసరి, పారిస్‌లో ఉన్న కన్నకొడుకు మీద నిఘాకి మనిషిని పంపుతాడు, కూతుర్ని హామ్లెట్ ముందు ఎరగా నిలబెట్టి తను రాజుతో కలిసి చాటు నుంచి వింటాడు.

మూడో అంకంలో క్లాడియస్ ఒంటరిగా ప్రార్థనకు కూర్చుంటాడు. కిరీటం, రాణి, రెండూ దగ్గర పెట్టుకుని క్షమించమని అడగడం ఎలా అని తనను తానే అడుగుతాడు. ఈ లోకంలో పాపపు సొమ్ముతోనే చట్టాన్ని కొనేయొచ్చు, పైన మాత్రం అది సాగదు అని కూడా అంటాడు. అంటే అన్నీ తెలుసు! తెలిసీ ఏదీ వదులుకోడు. అన్న కొడుకు హామ్లెట్‌ని ఇంగ్లండ్ పంపించి, అక్కడ తల తీయించమని ఉత్తరం రాస్తాడు.

చివర్లో క్లాడియస్ హామ్లెట్ కోసం విషం కలిపి ఉంచిన పాత్రను రాణి అందుకుంటుంది. "గెర్‌ట్రూడ్, తాగొద్దు" అంటాడు, అంతే. చెయ్యి పట్టుకుని ఆపితే తన గుట్టు బయటపడుతుంది. ఆమె తాగేస్తుంది, అతను చూస్తూ ఉంటాడు. పనులు బాగా చేస్తాడన్న రాజు అసలు స్వరూపం నాకు అక్కడే కనిపిస్తుంది, సీటుకీ మనిషికీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే అతను సీటునే ఎంచుకున్నాడు.

కాసేపటికి రాజు, రాణి, హామ్లెట్ ముగ్గురూ పోతారు, రాజ్యానికి వారసుడే ఉండడు. పోలండ్ మీదికి వెళ్లడానికి ఫోర్టిన్‌బ్రాస్ సైన్యానికి తమ దేశం గుండా దారి ఇచ్చింది క్లాడియస్సే. ఎవరి నుంచి దేశాన్ని కాపాడాడని మెచ్చుకున్నారో ఆ ఫోర్టిన్‌బ్రాస్ తిరుగు ప్రయాణంలో కోటలోకి నడిచొచ్చి, కత్తి దూయకుండానే డెన్మార్క్‌ని తీసుకుంటాడు.