అనాన్ గారికి, ఒక్క నిమిషం

అనాన్ గారికి,

నమస్కారం. మీరు ఇంగ్లిష్‌లో పాతబడిన ఒక మాట (anon). నేడు మిమ్మల్ని ఎవరూ పిలవడం లేదు, ఎప్పుడో సరదాకి తప్ప. ఖాళీగానే ఉంటారు కదా అని రాస్తున్నాను.

ముందు ఒక క్షమాపణ. డిగ్రీ పుస్తకంలో కొన్ని పద్యాల కింద మీ పేరు చూసి ఎవరో మహాకవి అనుకున్నాను. ఇన్ని రాసినాయనకి ఒక్క ఫొటో కూడా లేదేమిటా అని జాలిపడ్డాను. అది 'అనానిమస్', అంటే 'అనామకుడు'కి పొట్టిరూపమట, మీరు కాదట.

ఇక అసలు గొడవ. పాత ఇంగ్లిష్‌లో మీరు రెండు ముక్కలు, కలిపితే 'ఒకటిలోకి' అని అర్థం. మేము 'ఒక్క ఉదుటున' అంటామే, ఆ వరస. అంటే పుట్టుకతో మీరు 'వెంటనే'. 1611 నాటి ఇంగ్లిష్ బైబిల్లో, మత్తయి 13వ అధ్యాయం 20వ వచనంలో మీరున్న చోట మా తెలుగు బైబిల్లో ఉన్నది 'వెంటనే' అన్న మాటే.

అంత మర్యాదస్తులు సారాకొట్టుకి ఎందుకు వెళ్లారండీ?

షేక్స్‌పియర్ 'నాలుగో హెన్రీ' మొదటి భాగంలో ఫ్రాన్సిస్ అని ఒక సప్లయర్ కుర్రాడు. యువరాజు అతన్ని మాటల్లో పెడతాడు. పక్కగదిలోంచి యువరాజు స్నేహితుడు "ఫ్రాన్సిస్!" అని అరుస్తూనే ఉంటాడు. వాడు "అనాన్, అనాన్, సర్!" అంటాడు, కదలడు. చివరికి ఇద్దరూ ఒకేసారి పిలిస్తే ఎటు పోవాలో తెలీక నిలబడిపోతాడు. పాపం, ఇంకా అయిదేళ్లు చెయ్యాలట ఆ కొలువు. వాణ్ని ఏమీ అనను. మీరు మాత్రం ఆ నోట్లో 'వస్తున్నా, వస్తున్నా' అయిపోయారు, అంటే 'కాసేపట్లో'.

జూలియెట్ ఇంకో రకం. లోపల్నుంచి దాది పిలుస్తుంటే "అనాన్" అంటుంది, లోపలికి వెళ్లినా మళ్లీ బాల్కనీకే వస్తుంది. కాసేపటికి మిమ్మల్ని పక్కనపెట్టి 'బై అండ్ బై' (నేడు 'కొంతసేపటికి' అని అర్థం) అంటుంది. ఆయనా ఒకప్పుడు 'వెంటనే'నే, అదే మత్తయిలో మీ పక్క వచనంలోనే ఉన్నాడు. 'సూన్' కూడా అంతే. ఇంటిల్లిపాదీ చెడ్డారన్నమాట. మాక్‌బెత్‌లో తలుపు బాదుతుంటే తాగిన మత్తులో కాపలావాడు మీ పేరే రెండుసార్లు జపించాడు. తలుపు ఎంత త్వరగా తెరిచాడో మీకే తెలుసు.

తప్పు మీది కాదనే అంటారు. మనుషులు చెప్పినంత త్వరగా రాకపోతే మాటేం చేస్తుంది అంటారు. సరే. మా ఊళ్లలో గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసి దెయ్యాన్నే తిప్పి పంపినవాళ్లం, మాకు మీరు కొత్తా?

కానీ ఒక్కటి అడగాలి. మా వీధి టైలర్ తొమ్మిది రోజులుగా "ఒక్క నిమిషం అక్కా, హుక్కులు కుట్టడమే మిగిలింది" అంటున్నాడు. మీలో ఉన్న ఆ 'ఒకటి', అతని నోట్లో ఉన్న ఈ 'ఒక్క', రెండూ ఒకటేనా? శనివారం పెళ్లి. జవాబు వెంటనే రాయండి.

మీ పాత అర్థంలో వెంటనే.

ఇట్లు,
బ్లౌజు లేని పట్టుచీర గల మనిషి