గెయిన్ వేరు, సౌండ్ వేరు. ఇంకెన్నిసార్లు చెప్పాలి?

ఇప్పుడే ఒక గిటార్ ఆంప్ రివ్యూ వీడియో చూశాను. ఒళ్లు మండిపోయింది. గెయిన్ (డిస్టార్షన్, అంటే గరగర, ఎంతో తేల్చే నాబ్) 9, మాస్టర్ (మొత్తం సౌండ్ నాబ్) 1, ఎకో ఇచ్చే డిలే పెడల్ తీసుకెళ్లి ముందు ఇన్‌పుట్‌లోనే. చివర్లో తీర్పు: "ఈ ఆంప్‌లో క్లారిటీ లేదు, కొనకండి."

ఆంప్ తప్పేముందండీ ఇందులో? డిస్టార్షన్ పెద్ద శబ్దాన్ని అణుస్తుంది, చిన్నదాన్ని పైకి లేపుతుంది. డిలే దానికి ముందుంటే మెల్లగా తగ్గిపోవాల్సిన ఎకోలు తగ్గవు, తర్వాతి నోటు మీద పడి అంతా బురదవుతుంది. వెనక ఎఫెక్ట్స్ లూప్ పేరుతో సెండ్, రిటర్న్ జాకులు ఇచ్చింది ఇందుకే! అక్కడికొచ్చేసరికి ప్రీఆంప్ (డిస్టార్షన్ పుట్టే మొదటి భాగం) పని అయిపోయి ఉంటుంది, పవర్ ఆంప్ (స్పీకర్‌ని నడిపే చివరి భాగం) పని ఇంకా మొదలవదు. వా, ఓవర్‌డ్రైవ్ లాంటి టోన్ మార్చే పెడల్స్ ముందు ఇన్‌పుట్‌లో. డిలే, రివర్బ్ లూప్‌లో. లూప్ లెవెల్ స్విచ్ ఉంటే మామూలు పెడల్స్‌కి -10 (తక్కువ సిగ్నల్) దగ్గర పెట్టండి, +4 (ఎక్కువ సిగ్నల్)లో చాలా పెడల్స్ ఇన్‌పుట్ దగ్గరే సౌండ్ చిట్లిపోతుంది.

సోలోకి వాడే బూస్టర్ (సిగ్నల్ పెంచే పెడల్) విషయమూ ఇంతే. గెయిన్ నిండుగా ఉన్నప్పుడు ముందు బూస్టర్ తొక్కితే డిస్టార్షనే పెరుగుతుంది, సౌండ్ పెరగదు. అదే బూస్టర్ లూప్‌లో పెట్టండి, సోలో డ్రమ్స్‌ని దాటి వినిపిస్తుంది.

ఇక మాస్టర్. 1975లో మార్షల్ 2203 ఆంప్‌కి మాస్టర్ వాల్యూమ్ వచ్చాక, చెవులు పగిలే సౌండ్ లేకుండానే ప్రీఆంప్ డిస్టార్షన్ దొరికింది. కానీ మాస్టర్ 1 మీద ఉంటే పవర్ ఆంప్‌లోని ఫేజ్ ఇన్వర్టర్‌కి, ఈఎల్34 ట్యూబులకి, ఆ తర్వాత స్పీకర్‌కి పనే తగలదు. పైగా తక్కువ సౌండ్‌లో మన చెవికే బాస్ సరిగా ఆనదు. అందుకని ఇంట్లో బాస్ పెంచి, మిడ్స్ కోసి సెట్ చేస్తారు. స్టేజి మీద అదే సెట్టింగ్ గుమ్మని మోగుతుంది, గిటార్ మాత్రం వినపడదు. నింద మళ్లీ ఆంప్‌కే.

నా అసలు కోపం 100 వాట్లు అంటగట్టేవాళ్ల మీద. 50కి రెట్టింపు సౌండట! తేడా 3 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే సుమారు 10 రెట్ల పవర్ కావాలి. అపార్ట్‌మెంట్లో వాయించే పిల్లాడు ఆ మాస్టర్‌ని 1 ఎప్పుడు దాటిస్తాడు? అక్కడ వెంట్రుకవాసి కదిపినా పక్కింటివాళ్లు తలుపు కొడతారు.

ఏడాది తిరిగేసరికి సౌండ్ మధ్యమధ్యలో పోతోందంటే, వెంటనే ట్యూబులన్నీ మార్పించేస్తారు. ఆగండి. ముందు సెండ్‌కీ రిటర్న్‌కీ మధ్య ఒక ప్యాచ్ కేబుల్ పెట్టి చూడండి. సౌండ్ నిలకడగా వస్తే, లోపం రిటర్న్ జాక్‌లోని స్విచ్ కాంటాక్ట్‌ది; లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సిగ్నల్ దాని గుండానే వెళ్తుంది. పవర్ తీసేసి, జాక్‌లో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కేబుల్ పదిసార్లు పెట్టి తీయండి.