పనిలో పనిగా

మా ఇంట్లో డబ్బు దుబారా కావడం అసాధ్యమని పూర్తి బాధ్యతతో మనవి చేస్తున్నాను. 2009లో ఈ ఫ్లాట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్కల పుస్తకం రాస్తున్నాను. కరివేపాకు ఊరికే వెయ్యనన్నాడని కూరగాయల కొట్టు మార్చినవాళ్లం. జూన్ నెలకి ముప్పై ఒక్క రోజుల పాలు లెక్కేస్తే పట్టుకున్నవాళ్లం. టూత్‌పేస్ట్ ట్యూబుని మా ఇంట్లో ముందు అప్పడాల కర్రతో ఒత్తుతాం, తర్వాత కత్తెరతో కోస్తాం, ఆ తర్వాతే దానికి మోక్షం. అలాంటి ఇంట్లోంచి మొన్న మూడు నెలల్లో 6,84,000 రూపాయలు వెళ్లిపోయాయి. దొంగలు పడలేదు. బాత్రూమ్‌లో కుళాయి కారింది.

"వాషర్ అరిగిపోయి ఉంటుందండీ, మార్పిస్తే పోతుంది" అంది మా ఆవిడ. ఆవిడది ఎప్పుడూ దగ్గరి చూపు. నాది దూరదృష్టి. ప్లంబర్‌ను పిలిపించాను. అతను కుళాయి వంక చూడలేదు, గోడ వంక చూశాడు. ఎక్స్‌రే చూసే డాక్టర్ మొహం పెట్టి, టైల్ మీద వేలితో రెండుసార్లు కొట్టి, "లోపల జీఐ పైపు సార్" అన్నాడు. కాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం ఖరీదెంతో నాకప్పుడు తెలియదు. "తుప్పు పట్టేసుంటది. పనిలో పనిగా సీపీవీసీ ప్లాస్టిక్ పైపు వేయించేసుకోండి."

పనిలో పనిగా! తెలుగులో ఇంతకంటే ఖరీదైన మాట లేదని నా పరిశోధనలో తేలింది. 'ఖర్చు పెడదాం' అంటే గుండె ఎదురు తిరుగుతుంది. 'పనిలో పనిగా' అంటే అదే గుండె మిగులు లెక్కేసుకుంటుంది. మళ్లీ కూలీల్ని పిలిచే ఖర్చు మిగిలింది, మళ్లీ సిమెంటు తెచ్చే ఖర్చు మిగిలింది, ఎగిరే దుమ్మేదో ఒక్కసారే ఎగురుతుంది. ఇలా మిగిలిన సొమ్మును పుస్తకంలో విడిగా ఒక వరసలో రాశాను. మొత్తం 2,11,000 తేలింది. ఇంకా ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటే ఇంకా ఎక్కువ మిగిలేది. చేతిలో డబ్బులు అయిపోవడంతో ఆ అవకాశం పోయింది.

పని వెంటనే మొదలుపెట్టానని అనుకోకండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గుతుందని పేపర్లో చదివి, రెండు వారాలకు పైగా ఆపాను. మా కొట్టులో బస్తాకి ముప్పై రూపాయల చొప్పున, పద్నాలుగు బస్తాలకి 420 రూపాయలు మిగిల్చాను. ఆ రోజుల్లో కుళాయి కింద బకెట్ పెట్టి, ఆ నీళ్లు తులసికి పోశాం. టైల్స్ మీద, రంగుల మీద మాత్రం 18 శాతం అలాగే ఉంచేశారు. ఈ విషయమై ఢిల్లీకి ఉత్తరం రాద్దామనుకుని, స్టాంపు ఖర్చు గుర్తొచ్చి మానుకున్నాను.

పైపు మార్చడానికి ఐదు టైల్స్ పగలగొట్టారు. ఆ డిజైన్ ఆగిపోయి చాలా ఏళ్లయిందట. "మోర్బీలో కూడా ఇప్పుడెవరూ చెయ్యట్లేదు సార్" అన్నాడు కొట్టాయన. గుజరాత్‌లో మోర్బీ అంటే దేశం నలుమూలలకీ టైల్స్ పంపే ఊరు. అక్కడే లేని టైల్స్ మాకు ఐదు కావాలి. ఐదు దొరకలేదు కాబట్టి నూట ఇరవై కొన్నాం. పెద్ద బాత్రూమ్ మెరిసేసరికి చిన్న బాత్రూమ్ పాచి పట్టినట్టు కనబడింది. అదీ అయ్యేసరికి హాల్లో నేల వెలిసిపోయినట్టు అనిపించింది. పదహారేళ్లుగా నడుస్తున్న నేల, ఒక్కసారి కూడా అలా కనబడలేదు.

విజయవాడలో ఉంటాం కనుక ఇసుకకి ఖర్చు లేదు. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇసుక ఉచితం, ఎత్తుడు కూలీ, బండి కిరాయిలాంటివి ఇచ్చుకుంటే చాలు. అయితే కృష్ణ ఒడ్డున ఉన్న ఇసుక వేరు, మా మూడో అంతస్తులో ఉన్న ఇసుక వేరు. ఇందులో ప్రభుత్వం తప్పేం లేదు, మూడో అంతస్తులో ఫ్లాట్ కొన్నది నేను. ఇసుక పైకి మోయడానికి ఒక కూలీ, పగిలిన పెళ్లలు కిందికి దించడానికి ఇంకో కూలీ అన్నాడు మేస్త్రి. పైకి ఇసుకతో వచ్చిన మనిషే కిందికి పెళ్లలతో వెళ్తే ఒక కూలీ మిగులుతుంది కదా అని సూచించాను. అతను నా వంక చాలాసేపు చూసి, టీ తాగొస్తానని వెళ్లాడు. ఆ రోజు మళ్లీ రాలేదు.

తర్వాత పెయింటర్. బిల్డర్ లెక్కలో మాది 1,100 చదరపు అడుగులు. ఇతను గోడలూ సీలింగూ టేపు పెట్టి కొలిస్తే 3,400 వచ్చింది. ఇంత పెద్ద ఇంట్లో ఉంటున్నామని మాకే తెలియదు. "పుట్టీ కాకుండా రెండు కోట్లు అవుద్ది సార్" అన్నాడు. నేను కుర్చీలో కూలబడ్డాను. మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది. అతను చెప్పింది రెండు కోటింగుల గురించని, రేటు 1,30,000 అని తెలిశాక, బేరం కూడా ఆడకుండా ఒప్పేసుకున్నాను. జీవితంలో నాకెవరూ అంత డిస్కౌంట్ ఇవ్వలేదు.

ఇక నిధుల సమీకరణ. అమ్మాయి చదువుకని మా ఆవిడ వేస్తున్న ఐదు లక్షల చీటీని లక్షా పదివేలు వదులుకుని పాడాం, 3,90,000 చేతికొచ్చింది. ఆ లక్షా పదివేలు మేం ఖర్చు పెట్టలేదు కాబట్టి పుస్తకంలోకి ఎక్కలేదు. రెండున్నర లక్షలకి ఆవిడ గాజులు బ్యాంకులో ఉన్నాయి. తాకట్టు అనే మాట నాకిష్టం లేదు. భద్రంగా ఉన్నాయి, లాకర్ అద్దె లేదు, వడ్డీ మాత్రం ఉంది. మిగతా 44,000 నా పొదుపు.

పన్నులో ఏమైనా కలిసొస్తుందేమో అని ఆడిటర్‌ని అడిగాను. మనం ఉండే ఇల్లు కొనడానికో కట్టడానికో అప్పు చేస్తే వడ్డీ మీద ఏడాదికి రెండు లక్షల దాకా మినహాయింపు ఉందట. అదే ఇంటికి రిపేరు చేయించడానికి అప్పు చేస్తే 30,000 వరకేనట, అదీ పాత పన్ను విధానంలో ఉంటేనే. నేను నిరుడు రిటర్ను వేసేటప్పుడు పనిలో పనిగా కొత్త విధానానికి మారాను. 'ఇల్లు కట్టి చూడు' అన్న పెద్దలు కూడా రిపేరు ఊసెత్తలేదు. చట్టాన్ని అని ఏం లాభం!

నిన్న రాత్రి ఆఖరి లెక్క చూసుకున్నాను. నలభై రూపాయలు తేడా వచ్చింది. ఇలాంటివి చూసీ చూడనట్టు వదిలేస్తే సంసారాలు ఎక్కడ నిలుస్తాయి? టైల్స్ బిల్లులు మళ్లీ కూడి చూసుకున్నాను. మేస్త్రి టీల పద్దు చూశాను. పన్నెండు దాటింది, నలభై దొరకలేదు.

"బాల్కనీలో పాత కుళాయి పెట్టించాను కదండీ" అంది మా ఆవిడ దుప్పట్లోంచి. "దానికి వాషర్ పది, ఆ అబ్బాయికి ముప్పై ఇచ్చాను. అప్పట్నుంచి చుక్క కారట్లేదు. లైటు తీసి పడుకోండి, కరెంటు."

'వాషర్: 40' అని రాసి లైటు తీశాను. లెక్క సరిపోయింది.