మునిగిన ఫర్నేస్‌ను ఆరబెట్టి వెలిగించకండి

న్యూజెర్సీలో గట్టి వాన పడి బేస్‌మెంట్లలోకి నీళ్లు రాగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ మునిగితే భయం లేదట. నీళ్లన్నీ ఒకేసారి తోడేసి, రెండు రోజులు ఫ్యాను పెట్టి, గ్యాస్ వాల్వ్‌ను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, పైలట్ (బర్నర్‌ను అంటించే చిన్న మంట) వెలిగించాలట. వేడిగాలి వెళ్లే డక్టుల్లో బ్లీచ్ చల్లితే చాలట. ఇన్సూరెన్సు మనిషి వచ్చేదాకా ఏదీ కదపొద్దట. మెకానిక్ మొత్తం మార్చాలంటే నమ్మొద్దట. పంపేవాళ్లది మంచి మనసే, కానీ ఇది ప్రాణాలమీదికి తెచ్చే మెసేజ్.

ముందు ఆ హెయిర్ డ్రయ్యర్ సంగతి. గ్యాస్ వాల్వ్ ఏమైనా ఉతికిన చొక్కానా, ఆరితే సరిపోవడానికి? లోపల స్ప్రింగులు, రబ్బరు డయాఫ్రమ్, సన్నటి దారులు ఉంటాయి. నీరు ఆరినా ఒండ్రు అక్కడే ఉంటుంది, తుప్పు మొదలవుతుంది. ఆ రోజుకి వాల్వ్ బాగానే పనిచేయొచ్చు, ప్రమాదమంతా అందులోనే ఉంది. కొన్ని వారాలకు అది మూసుకోకుండా ఇరుక్కుంటే గ్యాస్ ఆగదు. అందుకే తయారీదారులు మునిగిన వాల్వ్‌ను బాగుచేయమని చెప్పరు, మార్చమనే చెబుతారు. కంట్రోల్ బోర్డు, ప్రెషర్ స్విచ్ కూడా అంతే. బర్నర్లలో బురద చేరితే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. గ్యాస్ వాటర్ హీటర్‌కైతే పైరేకు వెనక ఇన్సులేషన్ తడి పట్టుకునే ఉంటుంది. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను వరద వచ్చినప్పుడు న్యూజెర్సీలోని మాన్‌విల్‌లో ఇళ్లు పేలి కాలిపోయాయి. అదే రాష్ట్రంలో ఉంటూ ‘పైలట్ వెలిగించండి’ అని ఎలా పంపుతారండీ?

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టకుండా బయటికొచ్చి గ్యాస్ కంపెనీకి ఫోన్ చేయండి. నీళ్లలో నిలబడి బ్రేకర్ ప్యానెల్ తాకొద్దు, కరెంటు కంపెనీ వాళ్లనే తీయమనండి.

ఒకేసారి తోడడమూ తప్పే. బయట నేల నానిపోయి ఉండగా లోపల ఖాళీ చేస్తే గోడ లోపలికి కూలొచ్చు. వీధిలో నీళ్లు తగ్గాక ఒక అడుగు తోడి, గీత పెట్టి, మర్నాడు చూడండి. మట్టం మళ్లీ పెరిగితే ఇంకా ఆగాలి.

బ్లీచ్: రేకు డక్టులైతే కడిగి ఆరబెట్టొచ్చు. లోపల ఫైబర్ లైనింగ్ తడిస్తే పారేయడమే.

ఇన్సూరెన్సు మాట పూర్తిగా తప్పు. బూజు 24 నుంచి 48 గంటల్లో మొదలవుతుంది. నీటి గుర్తు, మోడల్, సీరియల్ నంబర్ల ప్లేటు ఫొటోలు తీసి, కార్పెట్ ముక్క ఒకటి దాచి, మిగతాది బయటపడేయండి. మామూలు ఇంటి పాలసీ వరదకు పనికిరాదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీలో భవనం కవరేజీ ఉంటే బేస్‌మెంట్‌లోని ఫర్నేస్, వాటర్ హీటర్ దాని కిందికి వస్తాయి. సోఫాలు రావు.

మెకానిక్ మొత్తం మార్చాలంటే నమ్మొద్దన్న చివరి మాటలో మాత్రం కొంత నిజముంది. నీళ్లు బర్నర్, కంట్రోళ్ల దాకా రాకపోతే లైసెన్సున్న మెకానిక్ తనిఖీతోనే సరిపోవచ్చు. నీళ్లు కాచి ఇల్లు వేడిచేసే పోత ఇనుము బాయిలర్ మునిగినా చాలాసార్లు దాని ఒళ్లు పనికొస్తుంది, బర్నర్, వాల్వ్, కంట్రోళ్లు మార్చి నడపొచ్చు. మొత్తం మార్చాలని ఎవరైనా అంటే, నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ భాగం ఎందుకు పనికిరాదో కాగితం మీద రాసివ్వమనండి.