తలకిందుల రాయి

సముద్రపు నేలకు ఎంతో లోతు నుంచి నాలుగంగుళాల మందం రాతి కడ్డీని పైకి తేవాలంటే డబ్బు నీళ్లలా ఖర్చవుతుంది. కోర్ అనే ఆ కడ్డీని నిలువునా కోసి, పెట్టెల్లో సర్ది, బల్లల మీద పేరుస్తారు. ఆ కాస్త ముక్క చూసి, కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న ఇసుకరాయిలో చమురు ఎటు పారుతుందో చెప్పాలి. తోక పట్టుకుని ఏనుగు కొలతలు చెప్పడమన్నమాట.

ఆ రోజు కోర్ షెడ్డులో ఇద్దరు పెద్దలు ఒక పెట్టె దగ్గర ఆగిపోయారు. లోతు సముద్రపు ఇసుకరాళ్లలో చాలావాటి పుట్టుక ఇలా ఉంటుంది: ఖండపు అంచున పేరుకున్న ఇసుక, బురద ఒక్కసారిగా జారి, నీటితో కలిసి వాలు మీద దూసుకుపోతాయి. 1929లో గ్రాండ్ బ్యాంక్స్ భూకంపం తర్వాత ఇలాంటి ప్రవాహమే అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ కేబుళ్లను ఒకదాని తర్వాత ఒకటి తెంపేసింది. జోరు తగ్గేకొద్దీ ముందు ముతక ఇసుక, తర్వాత సన్న ఇసుక, చివర బురద దిగుతాయి. ఇలా పేరుకున్న రాయే టర్బిడైట్; దానికి 1962లో భూగర్భ శాస్త్రవేత్త ఆర్నాల్డ్ బౌమా చెప్పిన వరుస ఇదే. ఈ పెట్టెలో మాత్రం బురద కింద, ముతక ఇసుక పైన!

"ఇది టర్బిడైట్ కాదండీ, డెబ్రిస్ ఫ్లో, అంతా కలగలిసి ముద్దగా జారింది," అన్నారు మొదటాయన.

"కాదు సార్, నదికి వరదొచ్చి ప్రవాహం పోనుపోనూ పెరిగింది," అన్నారు రెండో ఆయన.

భూతద్దాలు బయటికొచ్చాయి. రాయి మీద నీళ్లు చిలకరించారు. చిన్న ముక్క గిల్లి పంటి కింద పెట్టుకున్నారు. కరకరలాడితే సిల్ట్, మెత్తగా జారితే బంకమన్ను. నవ్వకండి, అది నిజంగానే పరీక్ష! వైట్‌బోర్డు బాణాలతో నిండిపోయింది. మాట "పేపర్ రాద్దాం" దాకా వెళ్లింది.

పెట్టెలు మోసే కుర్రాడు ఒక ముక్క తీసి వెనక్కి తిప్పాడు. "సార్, ఎర్ర గీత ఎడమపక్కనుంది."

కోర్ మీద పొడవునా ఎరుపు, నలుపు గీతలు పక్కపక్కనే గీస్తారు. పైభాగం పైనే ఉంటే ఎరుపు కుడివైపు రావాలి. అంటే పెట్టె మొత్తం తలకిందులుగా సర్దారు.

"నాకు ముందే అనుమానం వచ్చింది," అన్నారు మొదటాయన. బోర్డు మీద ఆయన బాణాలే ఎక్కువ.

పెట్టె తిప్పడంతో అయిపోతే బాగుండు. పరీక్షల కోసం అందులోంచి చిన్న ప్లగ్గులు అప్పటికే తొలిచేశారు, తప్పుడు లోతులు రాసేశారు. ఇసుకరాయి తాలూకు వందల మిల్లీడార్సీలు (రాయిలోంచి ద్రవం ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే కొలత) వెళ్లి షేల్, అంటే గట్టిపడ్డ బురదరాయి, ఖాతాలో పడ్డాయి. బావిలో రాళ్ల రేడియోధార్మికతను కొలిచి తీసిన గామా లాగ్ అక్కడ బురద ఉందంటుంది, ల్యాబ్ రిపోర్టు చమురు బ్రహ్మాండంగా పారుతుందంటుంది. మధ్యలో రిజర్వాయర్ ఇంజనీర్ తన సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ కూర్చున్నాడట, పాపం.

షేల్‌లోంచి అంత పారుదల ఎలా వచ్చిందో వివరించడానికి మొదటాయన ఒక స్లైడ్ కూడా తయారుచేసి పెట్టారు. కారణం సన్నని పగుళ్లట. ఆ పగుళ్లకు బాణం గుర్తులు పెట్టి మరీ ఫొటో జతచేశారు, అది కూడా తలకిందులుగానే.