కైలాసం ఎక్కలేక కాదు, ఎక్కకూడదని

శివరాత్రి దగ్గరపడిందంటే మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఆ మెసేజ్ మళ్ళీ వచ్చేస్తుంది. "కైలాస పర్వత రహస్యాలు, నాసాకే అంతుపట్టలేదు" అని మొదలవుతుంది. ఎక్కబోయినవాళ్ళు ఎవరూ బతికి బట్టకట్టలేదట. అక్కడ కాలం పరుగెడుతుందట, పన్నెండు గంటల్లో రెండు వారాలంత గోళ్ళూ జుట్టూ పెరుగుతాయట. ఎవరో సైబీరియా పర్వతారోహకులు ఉన్నట్టుండి ముసలివాళ్ళై చచ్చిపోయారట. అది కొండ కాదు, ఎవరో కట్టిన పిరమిడ్ అట. ఉత్తర ధ్రువానికి సరిగ్గా 6,666 కిలోమీటర్లు, దక్షిణ ధ్రువానికి సరిగ్గా దానికి రెట్టింపట. ఆ దరిదాపుల్లోకి విమానాలు పోలేవట.

పంపేవాళ్ళు భక్తితోనే పంపుతారని నాకు తెలుసు. నాకూ ఆ కొండంటే భక్తే. అందుకే కూర్చుని జవాబు రాస్తున్నాను.

గోళ్ళూ జుట్టూ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఆ మాట ప్రాణాల మీదికి తెస్తుంది. 2019లో అమ్మను తీసుకుని వెళ్ళాను. కాఠ్మండు నుంచి టిబెట్‌లోని కెరుంగ్, సాగా మీదుగా బస్సులో ప్రయాణం. మానససరోవరం ఒడ్డున, అంటే దాదాపు 4,590 మీటర్ల ఎత్తులో, మొదటి రాత్రే అమ్మకు తలనొప్పి పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పరిక్రమకు రానివ్వరని భయం. పరిక్రమలో మొదటి మజిలీ అయిన దిరాపుక్ చేరేసరికి రెండుసార్లు వాంతి అయింది, మాట ముద్దగా వస్తోంది, నడుస్తుంటే కాలు తడబడుతోంది. మా బ్యాచ్‌ని నడిపిస్తున్నాయన వచ్చి చూసి, "అమ్మగారూ, టెన్షన్ పడకండి. ఇక్కడ ఒక రోజంటే మన దగ్గర నెల. ఒళ్ళు ఆ వేగానికి అలవాటు పడాలి కదా, నామం చేసుకుంటూ పడుకోండి" అన్నాడు. అమ్మ నమ్మింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఒక పావుగంట నేనూ నమ్మాను.

మా గదిలోనే ఉన్న భీమవరం ఆవిడ రిటైరైన నర్సు. ఏమీ మాట్లాడకుండా తన సంచిలోంచి రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటర్ తీసి అమ్మ వేలికి పెట్టింది. 64 చూపించింది. వేలు చల్లగా ఉందేమోనని రుద్ది మళ్ళీ పెట్టింది. 62. "అక్కయ్యగారూ, ఇది మహిమ కాదు, ఆక్సిజన్ అందక. ఇప్పుడే కిందికి దించాలి, తెల్లారేదాకా ఆగొద్దు" అంది. ఆ రాత్రే సిలిండర్ పెట్టి, జీపులో కొండ కింది ఊరు దార్చెన్‌కి, అక్కణ్ణుంచి ఇంకా దిగువనున్న తక్లాకోట్‌కి దించాం. మర్నాడు పొద్దున అమ్మ తనంతట తనే ఉప్మా అడిగింది.

దిరాపుక్ దాదాపు 5,000 మీటర్ల ఎత్తు. పరిక్రమ దారిలో అన్నిటికంటే ఎత్తైన దోల్మా లా కనుమ 5,600 దాటుతుంది. అక్కడ గాలి ఒత్తిడి మన కోస్తాలో ఉండేదాంట్లో సగం. ఒంటికి అలవాటు పడే వ్యవధి ఇవ్వకుండా ఎక్కితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, మెదడు వాస్తుంది. దీనికి అసలు మందు కిందికి దిగడమే. ఆక్సిజన్, మాత్రలు దిగేలోపు ఆసరా మాత్రమే. ఇక వయసు మీద పడినట్టు కనిపించడం అబద్ధం కాదు. తిండి సయించక మనిషి చిక్కిపోతాడు, ఎండకూ చలిగాలికీ మొహం నల్లబడి పెదాలు పగులుతాయి. తిరిగొచ్చిన అమ్మను చూసి మా చెల్లి ఏడ్చేసింది. నెల తిరిగేసరికి మామూలు మనిషైంది.

అసలు ఆ లెక్కే వేసి చూడండి. పన్నెండు గంటలకు పద్నాలుగు రోజులంటే 28 రెట్లు. కొండ కిందే ఉన్న దార్చెన్‌లో పుట్టిన పిల్లకు ఏడాది తిరిగేసరికి 28 ఏళ్ళు రావాలి! 52 కిలోమీటర్ల పరిక్రమ మూడు రోజుల్లో ముగించినవాళ్ళకు మూడు నెలల గడ్డం పెరగాలి. నేను అక్కడ చూసిన టిబెటన్ ముసలమ్మలు మన ముసలమ్మల్లాగే ఉన్నారు. కాకపోతే సాష్టాంగ పడి, చేతులు ఆనినచోట లేచి నిలబడి, మళ్ళీ సాష్టాంగపడుతూ ఆ చుట్టంతా పూర్తిచేస్తున్నారు. ఒకావిడ చేతులకు చెక్క పలకలు కట్టుకుంది, అవి రాళ్ళ మీద రాసుకున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

భారత ప్రభుత్వం నడిపే యాత్రలో ఢిల్లీలో ఒకసారి, దారిలో కొండల్లోని గుంజిలో మరోసారి వైద్య పరీక్ష చేసి, పనికిరాదన్నవాళ్ళను వెనక్కి పంపేది ఊరికే కాదు. అక్కడి దారి కూడా ప్రమాదమే. 1998 ఆగస్టులో మాల్పా దగ్గర కొండచరియ విరిగిపడి 200 మందికి పైగా పోయారు, అందులో 60 మంది కైలాస యాత్రికులు. ఫార్వర్డుల్లో వీళ్ళ ఊసే ఉండదు. పేరూ, ఏడూ లేని "సైబీరియా పర్వతారోహకులు" మాత్రం ప్రతిసారీ ముసలివాళ్ళై చచ్చిపోతుంటారు.

పిరమిడ్ మాటకొద్దాం. దీన్ని ఎక్కువగా ప్రచారంలోకి తెచ్చింది రష్యాకు చెందిన ఎర్నస్ట్ ముల్దషెవ్. ఆయన కంటి డాక్టరు. రాళ్ళు చదివినవాళ్ళు చెప్పేది వేరు. స్విట్జర్లాండ్ భూగర్భ శాస్త్రవేత్త ఆగస్టో గాన్సర్ 1936లో యాత్రికుడి వేషం వేసుకుని కైలాసం చుట్టూ తిరిగి అక్కడి రాళ్ళను పరిశీలించాడు. ఆ శిఖరం గులకరాళ్ళ ముద్ద. నదులు దొర్లించి నునుపు చేసిన రాళ్ళు, ఇసుక పొరలు పొరలుగా పేరుకుని, గట్టిపడి, తర్వాత పైకి లేచాయి. ఆ పొరల వయసు సుమారు రెండున్నర కోట్ల ఏళ్ళు. అవి ఇప్పటికీ దాదాపు అడ్డంగానే ఉన్నాయి కాబట్టి దక్షిణ ముఖం మెట్లు కట్టినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు ఏటి అడుగున దొర్లిన గులకరాయి ఇవాళ 6,600 మీటర్ల పైన మంచు కప్పుకుని ఉంది. నాకు పిరమిడ్ కథకంటే ఇదే ఒళ్ళు జలదరించేలా చేస్తుంది.

6,666 లెక్క ఇంట్లో ఎవరైనా వేసుకోవచ్చు. కైలాసం సుమారు 31 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ధ్రువానికి ఇంకా 59 డిగ్రీలు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున సుమారు 6,550 వస్తుంది, వంద కిలోమీటర్లకు పైగా తక్కువ. ఆ 6,666కి 30 డిగ్రీల దగ్గరున్న మన రిషికేశే ఎక్కువ దగ్గర. దక్షిణ ధ్రువం లెక్క కూడా దీనితోపాటే తప్పు.

విమానాల మాట: కైలాసం ఉన్న ఙారీ ప్రాంతంలోనే 2010లో విమానాశ్రయం తెరిచారు. మామూలు విమానాలు టిబెట్ మీదుగా పోవడం తగ్గించుకునేది, ఏదైనా అయితే వెంటనే కిందికి దిగడానికి అంత ఎత్తు నేల అడ్డమొస్తుంది కనుక.

ఇక "ఎక్కబోయినవాళ్ళు బతకలేదు" అన్నది. నన్ను ఎక్కువగా బాధించేది ఇదే. శిఖరం ఎక్కినట్టు నమోదు లేదు, అది నిజం. కానీ కొండ చంపేసినట్టు కూడా ఎక్కడా లేదు. 1926లో బ్రిటిష్ అధికారి హ్యూ రట్లెజ్ ఉత్తర ముఖం చూసి అటునుంచి ఎక్కడం అసాధ్యమనుకున్నాడు, వేరే గట్టు మీదుగా కుదురుతుందేమోనని ఆలోచించి, టైం లేక వెళ్ళిపోయాడు. 1980లలో రైన్‌హోల్డ్ మెస్నర్‌కి చైనా అనుమతి ఇవ్వజూపింది. 8,000 మీటర్లు దాటిన పద్నాలుగు శిఖరాలనూ అందరికంటే ముందు ఎక్కిన మనిషి. ఆయనకు ఇదేం కష్టం కాదు. వద్దన్నాడు. 2001లో ఒక స్పెయిన్ బృందానికి అనుమతి దొరికిందని వార్త రాగానే ప్రపంచమంతా అభ్యంతరం చెప్పింది, ఎవరూ ఎక్కలేదు. హిందువులకు శివుడి నెలవు, జైనులకు ఋషభనాథుడి అష్టాపదం, బౌద్ధులకూ, టిబెట్ పాత మతమైన బోన్ మతస్థులకూ పవిత్రం. బోన్ వాళ్ళు అపసవ్యంగా తిరుగుతారు, మిగతావాళ్ళు సవ్యంగా. దారిలో ఎదురెదురు పడి నవ్వుకుంటారు.

ఇలా ఆగడం కైలాసం దగ్గరే మొదలు కాలేదు. 1955లో కాంచనజంగ మొదటిసారి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బాండ్ శిఖరాగ్రం మీద కాలు పెట్టబోమని సిక్కిం వాళ్ళకిచ్చిన మాట కోసం దానికి కొన్ని అడుగుల కింద ఆగిపోయారు. అది మనకు అర్థంకాని సంగతి కూడా కాదు. తిరుమల కొండంతా ఆదిశేషుడేనని, కాలు మోపకూడదని రామానుజులు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్పుకుంటాం, ఆ చోటును మోకాళ్ళ పర్వతమనే పిలుస్తాం. శ్రీశైలంలో శిఖరం కనబడితే చాలనుకుంటాం.

అమ్మ పరిక్రమ పూర్తి చేయలేదు. కిందికి దించుతున్నప్పుడు జీపు అద్దంలోంచి వెన్నెల్లో కనిపించిన ఉత్తర ముఖమే ఆమె చూసిన కైలాసం. మొన్న మెసేజ్ మళ్ళీ వచ్చినప్పుడు ఆమే గ్రూపులో వాయిస్ పెట్టింది: "నాయనా, నాకక్కడ గోళ్ళు పెరగలేదు, ఊపిరాడలేదు. వెళ్ళేవాళ్ళు తలనొప్పొస్తే దాచుకోకండి."