ఎల్-వన్ మీటరూ శెనక్కాయ ఆకూ

దేశంలో ఏ పరిశోధన జరగాలో శాస్త్రవేత్తలే నిర్ణయిస్తారని ఇంకా నమ్మేవాళ్ళుంటే ఒకసారి తిరుపతికి రండి. కొండ మీద దర్శనం చేసుకుని దిగొచ్చాక ఏదో ఒక ల్యాబ్‌కి వెళ్ళి పర్చేజ్ సెక్షన్ ముందు కూర్చోండి. క్యూ కాంప్లెక్స్‌లో నేర్చుకున్న ఓపిక అక్కడ పనికొస్తుంది.

మా వీధి కుర్రాడొకడు శెనక్కాయ మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. మనది వానను నమ్ముకున్న పంట. బెట్ట తగిలినప్పుడు ఆకులో నీళ్ళు ఎంత మిగులుతున్నాయో కొలవాలని వాడి ఆశ. మీటరుకి ఇండెంట్ పెట్టాడు. ఆఫీసు కుర్చీలూ ఏసీలూ దొరికే జెమ్ అనే ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్‌లోనే అదీ దొరకాలన్నారు. ఆకు, మీటరు అనే రెండు మాటలూ ఉన్న వస్తువుల్లో ఏది చవకో చూశారు. అదే ఎల్-వన్. పదకొండు నెలలకు పెట్టె వచ్చింది. తెరిస్తే ఆకు పచ్చదనం చూసే మీటరు!

"మరేం చేసినావబ్బా?" అన్నాను.

"ఏం చేసేదన్నా! మీటరు వాపస్ పంపాలంటే ఇంకో ఏడాది. థీసిస్ టైటిల్ మార్చాలంటే ఒక అర్జీ చాలు. మార్చేసినాం."

తొందరపడి తప్పుపట్టకండి. మార్చి 31 దాటితే నిధులు మురిగిపోతాయి. న్యూటన్ మరిచిపోయిన సూత్రాల్లో ఇదొకటి. పైగా వేరుశెనగలో ఆకు పచ్చదనానికీ నీటి పొదుపుకీ నిజంగానే కొంత సంబంధం ఉంది కాబట్టి కమిటీ ముందు వాడికి చెమట పట్టలేదు.

పరికరం మనుషుల్ని తయారుచేస్తుందనడానికి మా తిరుపతి దగ్గరి గాదంకి కన్నా సాక్ష్యమేం కావాలి? చిత్తూరు రోడ్డులో టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ పనిచెయ్యక తిట్టుకునేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, అక్కడ పై వాతావరణంలో గాలుల్ని కొలిచే, 1024 యాంటెన్నాలున్న ఎంఎస్‌టీ రాడార్ ఆకాశంలోకి చూస్తూ ఉంటుంది. ముందు రాడార్ వచ్చింది, దాని చుట్టూ మనుషులు చేరారు, 2005లో అది జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అయింది. అయితే ఏం కొలవాలో తెలిసి కట్టిన రాడార్ అది. మన విధానానికి అంత తొందర లేదు. ముందు కొందాం, ఏం కొలవాలో తర్వాత చూసుకుందాం.

2022 జూలైలో పరిశోధన సంస్థల పరికరాలకు జీఎస్టీ 5 శాతమే అన్న రాయితీ తీసేశారు. చాలావాటికి 18 శాతం కట్టాల్సొచ్చింది. అప్పటికే మంజూరైన గ్రాంట్లు పాత లెక్కవే. ఆ 13 శాతం తేడాలో ఎన్ని ప్రశ్నలు అనవసరమని తేలిపోయాయో! ఇంత చక్కగా సాగుతుంటే 2025 జూన్‌లో కేంద్రం నియమాలు సడలించింది. కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచారు. శాస్త్రీయ పరికరాలను జెమ్ బయట కొనే వెసులుబాటు కూడా సంస్థల అధిపతులకు ఇచ్చారు. ఎవరికి కావాల్సింది వాళ్ళే కొనుక్కుంటే పర్చేజ్ సెక్షన్ ఇన్నాళ్ళూ సంపాదించిన పరిశోధనానుభవం ఏమైపోవాలి?

మా వాడి కథ అక్కడితో ఆగలేదు. వాడి మీటరు చూసి పక్క ల్యాబూ అదే కొంది, రేటు తెలిసిపోయింది కదా. పేపర్లన్నీ పచ్చదనం మీదే వచ్చాయి. పైనున్న కమిటీ ఆ పేపర్లు లెక్కపెట్టి, ఈ ప్రాంతానికి ప్రాధాన్యాంశం పచ్చదనమే అని రాసింది. ఈ ఏడాది గ్రాంట్లు దానికే. నీళ్ళు కొలుస్తానన్న పాత ప్రతిపాదన 'ప్రాధాన్యంలో లేదు' అన్న ముక్కతో తిరిగొచ్చింది.

పోయిన దసరాకు ల్యాబ్‌లో ఆయుధపూజ చేశారు. మీటరుకీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోశారు. భక్తి కాస్త ఎక్కువై పసుపు అద్దం మీదా పడింది. వారం పాటు ఏ ఆకు పెట్టినా పాలిపోయిందనే చూపించింది. ఎవరైనా గమనించేలోగా రిపోర్టు మెయిల్‌లో వెళ్ళిపోయింది. ఇనుపధాతు లోపం, అన్నభేది పిచికారీ చెయ్యండని పై నుంచి ఆదేశం దిగింది.

నిన్న ఎరువుల అంగడికి పోతే అన్నభేది స్టాకు లేదన్నారు.